కంపెనీ వెళ్లిపోతే రైలు ఎవరు నడుపుతారు? రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నగరానికీ చుట్టుపక్కల పట్టణాలకూ మధ్య లోకల్ రైళ్లు నడుపుతామని ఒక ప్రైవేటు కంపెనీ పెట్టుకున్న దరఖాస్తు మీ శాఖ దగ్గర ఉంది. పట్టాలు ప్రభుత్వానివి, రైళ్లు, సిబ్బంది తమవి అంటోంది ఆ కంపెనీ. ఆ రైలు రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. రోజూ పోనూ రానూ నాలుగు గంటలు బస్సులోనే గడిచిపోయే నాలాంటివాడికి ఇంతకన్నా మంచి కబురు లేదు. అయినా మీరు సంతకం పెట్టే ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి. ఏదో ఒక రోజు గిట్టుబాటు కాక కంపెనీ వెళ్లిపోతే, మర్నాడు పొద్దున ఆ రైలు ఎవరు నడుపుతారు?

మొదలవకముందే ఈ అపశకునం ఏమిటని అనుకోకండి. కొన్నేళ్ల కిందట మా దారిలో ఒక ప్రైవేటు బస్సు సర్వీసు ఉండేది. టైముకు వచ్చేది, సీటు దొరికేది. దాన్ని నమ్ముకునే దూరంగా ఇల్లు తీసుకున్నాను, పాపను అక్కడి బళ్లో వేశాను. ఒక సోమవారం ఎంతసేపు చూసినా బస్సు రాలేదు. నష్టాలని ఆపేశారని తర్వాత తెలిసింది. పాస్‌కు కట్టిన డబ్బు పోతే పోయింది, ఇల్లూ బడీ మార్చుకోవడం మా చేతుల్లో ఉందా? రైలైతే ఇలా నమ్ముకునే కుటుంబాలు వేలల్లో ఉంటాయి.

ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ మెట్రో లైన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ప్రైవేటు నిర్వహణలో 2011 ఫిబ్రవరిలో మొదలైంది. వంతెనకూ దాని స్తంభాలకూ మధ్య ఉండే బేరింగుల్లో లోపాలు బయటపడి 2012 జులైలో ఆగింది. 2013 జనవరిలో మళ్లీ నడిచింది, ఆ జూన్ ఆఖరుకు కంపెనీ తప్పుకుంది. జులై 1 నుంచి ప్రభుత్వ రంగంలోని ఢిల్లీ మెట్రో సంస్థే నడుపుతోంది. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలన్న తగాదా మాత్రం సుప్రీంకోర్టులో 2024 దాకా సాగింది. గుర్‌గావ్ రాపిడ్ మెట్రోదీ ఇలాంటి కథే. 2013 నవంబరులో మొదలైంది, 2019లో నిర్వాహకులు చేతులెత్తేశారు. రైళ్లు ఆగకుండా హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. ఆ అక్టోబరులో దాన్నీ ఢిల్లీ మెట్రోయే అందుకుంది.

రెండు చోట్లా పక్కనే అనుభవమున్న సంస్థ ఉంది కాబట్టి జనం రోడ్డున పడలేదు. మనకు అలా పక్కన ఎవరున్నారు?

ప్రైవేటు అంటేనే తప్పు అని నేను అనడం లేదు. జపాన్‌లో ప్రైవేటు రైల్వేలు వందేళ్లకు పైగా నడుస్తున్నాయి. అక్కడి వ్యాపారి కొబయాషి ఇచిజో 1910లో ఒసాకా నగరం దగ్గర లైన్ వేసి, దాని పక్కనే స్థలాలు కొని ఇళ్లు కట్టి వాయిదాల మీద అమ్మాడు. 1929లో ఒసాకాలోని ఉమెదా స్టేషన్ దగ్గర పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచాడు. టికెట్ల డబ్బు ఒక్కదాని మీదే ఆయన ఆధారపడలేదు. లోకల్ రైలుకు అసలు చిక్కు అక్కడే ఉంది. పొద్దున నగరం వైపు కిక్కిరిసి వెళ్తుంది, ఎదురు దిక్కున దాదాపు ఖాళీగా తిరిగొస్తుంది. మధ్యాహ్నమంతా రైలు పెట్టెలు డిపోలో పడి ఉంటాయి. కానీ పెట్టెలు కొనాల్సింది, సిబ్బందిని పెట్టుకోవాల్సింది ఆ రెండు రద్దీ వేళల లెక్కకే. ఈ లోటు ఎక్కడి నుంచి పూడుస్తారో కంపెనీ మీకు చెప్పిందా? చెప్పి ఉంటే మాకూ చెప్పండి.

ఇక పట్టాల సంగతి. అదే లైన్ మీద ఎక్స్‌ప్రెస్‌లు ఆగకుండా పోవాలి, గూడ్స్ బండ్లు నెమ్మదిగా కదలాలి, లోకల్ ప్రతి స్టేషన్‌లోనూ ఆగాలి. వేగాలు ఇలా వేరైనప్పుడు లైన్ మీద పట్టే బండ్ల సంఖ్య తగ్గిపోతుంది. అందుకని లోకల్‌ను పదిన్నర తర్వాతకు నెడితే అది ఆఫీసులకూ కాలేజీలకూ వెళ్లేవాళ్లకు అక్కరకు రాదు, జనం లేక ఏడాదిలో మూతపడుతుంది. అప్పుడు తప్పు కంపెనీ మీదకు పోతుంది. నిజానికి అది టైమ్ టేబుల్ వేసినవాళ్ల తప్పు. లైన్ ఇస్తే రద్దీ వేళలో ఇవ్వండి, ఇవ్వలేకపోతే ఆ మాట ఇప్పుడే చెప్పండి. దరఖాస్తును ఏళ్ల తరబడి నానబెట్టడం మాత్రం వద్దు.

ఇచ్చేటట్లయితే, విడిపోయే రోజు ఏం జరగాలో మొదటి రోజే ఒప్పందంలో రాయించండి. కనీసం ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. ఆ ఏడాదంతా రైళ్లు నడిపేందుకు సరిపడా బ్యాంక్ గ్యారంటీ మీ దగ్గర ఉండాలి. పెట్టెలూ డిపో ఎంత ధరకు ప్రభుత్వానికి వస్తాయో ముందే తేలాలి, అవి అప్పులవాళ్ల చేతికి పోకూడదు. డ్రైవర్లూ టెక్నీషియన్లూ కొత్త నిర్వాహకుల దగ్గర అదే జీతంతో కొనసాగాలి. పాస్ కొన్నవాళ్ల డబ్బు వేరే ఖాతాలో ఉండాలి. ఇవన్నీ పెడితే కంపెనీ వెనక్కి పోతుందేమోనని మీ అధికారులు భయపడవచ్చు. ఈ షరతులకే వెనక్కి పోయేవాళ్లు నష్టం వచ్చినప్పుడు నిలబడతారా?

ఒప్పందం ముసాయిదాను సంతకానికి ముందే అందరికీ అందుబాటులో పెట్టండి. ఆ రైలు ఎక్కబోయే మేం చదువుతాం, మా అభ్యంతరాలు రాసి పంపుతాం.

ఇట్లు,
రోజూ బస్సులో వచ్చిపోయే ఒక ఉద్యోగి