జేబులో దానంతటదే వెలిగే వేప్

సంపాదకులకు నమస్కారం.

‘జేబులో పేలిన ఈ-సిగరెట్’ లాంటి వార్తలు పత్రికల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి. నాలుగైదు లైన్లుంటాయి. తొడ కాలింది, ఆస్పత్రిలో చేర్చారు, అంతటితో సరి. నేను ఎలక్ట్రానిక్స్ రిపేరు పని చేసేవాణ్ణి. చార్జర్లు, స్పీకర్లు, టార్చిలైట్లతో పాటు ఈమధ్య వేప్‌లు, అంటే ఈ-సిగరెట్లు కూడా నా బల్ల మీదికి వస్తున్నాయి. అందుకే అలాంటి వార్త కంటబడితే నాకు వెంటనే కొన్ని ప్రశ్నలు వస్తాయి. కాలింది పరికరమా, విడిగా జేబులో వేసుకున్న బ్యాటరీయా? పరికరమే అయితే బటన్ నొక్కేదా, పీలిస్తే పనిచేసేదా? అదే జేబులో ఇంకేమేం ఉన్నాయి? వీటికి జవాబు లేకపోతే ఆ వార్త చదివినవాడికి భయం మిగులుతుంది తప్ప, రేపు జేబులో ఏది ఎలా పెట్టుకోవాలో తెలియదు.

వేప్ మంచిదని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నాకు ఆ అలవాటు లేదు, మా ఇంట్లో ఎవరైనా మొదలుపెడితే ఊరుకోను కూడా. వీటి అమ్మకాన్నే నిషేధించిన దేశాలున్నాయి, మనదీ వాటిలో ఒకటి. అయినా జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లు ఎక్కడైనా ఉన్నారు. వాళ్ల పక్క సీట్లో కూర్చునేవాళ్లలో అలవాటు లేనివాళ్లూ ఉంటారు.

లోపల ఉన్నది పెద్ద మాయేమీ కాదు. ఒక లిథియం అయాన్ బ్యాటరీ, దూది చుట్టూ ఒక తీగ చుట్ట, కొంచెం ద్రవం. తీగకు కరెంటు వెళ్తే అది వేడెక్కి దూదిలో ఉన్న ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. తీగ చుట్టను కాయిల్ అంటారు. కొన్ని కాయిల్స్ రెసిస్టెన్స్ 0.2 ఓమ్ మాత్రమే. నిండా చార్జయిన సెల్ 4.2 వోల్టులు ఇస్తుంది. కాయిల్ కరెంటు లాగేటప్పుడు అది 4 వోల్టులకు దిగిందనుకున్నా 20 ఆంపియర్లు, అంటే 80 వాట్లు. నేను రోజూ పట్టుకునే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాన్ని ప్లగ్‌లో ఉంచి ప్యాంటు జేబులో వేసుకోమంటే ఎవరైనా వేసుకుంటారా? పాడ్, అంటే ద్రవం, కాయిల్ కలిసిన డబ్బీ బిగించే చిన్న పరికరాలు అంత వాట్లు లాగవు కానీ, గుడ్డల మధ్య గాలి ఆడకుండా కాలే తీగ 12 వాట్లదైనా చిన్నది కాదు.

చాలా పరికరాల్లో బటన్‌ను నొక్కి పట్టుకుంటే ఎనిమిది, పది సెకన్లకు కరెంటు దానంతటదే ఆగిపోతుంది. వాడేవాళ్లకు ఇదే పెద్ద ధైర్యం. కానీ ఆ లెక్క ఒక్కో నొక్కుకు ఒక్కోసారి మొదటినుంచి మొదలవుతుంది. బిగుతు జీన్స్‌లో కూర్చుని, లేచి, మళ్లీ కాలు మీద కాలు వేసుకుంటే జేబు బట్ట బటన్‌ను నొక్కుతూ వదులుతూనే ఉంటుంది. ఈలోగా దూదిలో ద్రవం అయిపోయి దూదే మాడుతుంది, ద్రవం నింపే ట్యాంకు కారుతుంది, బ్యాటరీ వేడెక్కుతుంది. మెకానికల్ మాడ్‌లనే సర్క్యూటే లేని పరికరాలకైతే ఈ పది సెకన్ల రక్షణ కూడా ఉండదు. బటన్ నొక్కుకున్నంతసేపూ బ్యాటరీ నుంచి కాయిల్‌కు కరెంటు నేరుగా పోతూనే ఉంటుంది. వాటిలో చాలావాటికి బటన్ దగ్గర తిప్పి బిగించే లాకింగ్ రింగ్ ఉంటుంది. అది బిగించకుండా జేబులో వేసుకునేవాడికి నేను చెప్పగలిగిందేమీ లేదు.

ఆమధ్య ఒక కుర్రాడు వచ్చి, ‘అంకుల్, మాడు వాసనొస్తోంది, కాయిల్ పోయినట్టుంది, చూడండి’ అని పరికరం ఇచ్చాడు. కాయిల్ తీస్తే దూది నల్లగా బొగ్గయిపోయి ఉంది. కొత్తది వేసే ముందు అలవాటు కొద్దీ బటన్ నొక్కి చూశాను. లోపలికి వెళ్లింది, తిరిగి పైకి రాలేదు. విప్పితే బటన్ చుట్టూ ఎండిన ద్రవం జిగురులా పట్టి ఉంది, దానికి జేబులోని దూది పోగులు అతుక్కుని ఉన్నాయి. ‘బాబూ, ఇది జేబులో ఎప్పుడైనా వేడెక్కిందా?’ అని అడిగాను. ‘వేడెక్కుతుంటుంది, ఎండకు అనుకున్నా’ అన్నాడు. లాక్ వేస్తావా అంటే, స్క్రీన్ ఆరిపోతుంది కదా అన్నాడు.

అసలు గొడవంతా ఆ మాటలోనే ఉంది. స్క్రీన్ ఆరిపోవడం వేరు, లాక్ పడటం వేరు. బ్యాటరీ ఆదా కోసం స్క్రీన్ కొద్ది సెకన్లలో ఆరిపోతుంది, బటన్ మాత్రం మేలుకునే ఉంటుంది. చాలా పరికరాల్లో బటన్‌ను గబగబా ఐదుసార్లు నొక్కితే ఆఫ్ అవుతుంది, మళ్లీ ఐదుసార్లు నొక్కితే ఆన్ అవుతుంది. కొన్నింటిలో మూడుసార్లు, కొన్నింటిలో రెండు బటన్లు కలిపి పట్టుకోవాలి. కొన్న రోజే పెట్టెలోని కాగితం చదివి ఇది తెలుసుకోవాలి. జేబులో వేసుకునే ముందు లాక్ చేసి, ఒకసారి బటన్ నొక్కి వెలగలేదని చూసుకోవాలి. ఇదంతా కలిపి రెండు క్షణాల పని.

అయితే లాక్‌తో పని అయిపోయిందనుకోవద్దు. ఆ లాక్ బటన్‌ను మాత్రమే ఆపుతుంది. లోపల కాయిల్‌కు కరెంటు వదిలేదీ ఆపేదీ మాస్‌ఫెట్ అనే చిన్న భాగం. అది పాడైనప్పుడు చాలాసార్లు షార్ట్ అయి, తెరిచిన కుళాయిలాగే ఉండిపోతుంది. అప్పుడు బటన్‌ను ఎవరూ నొక్కనక్కర్లేదు, లాక్ ఉన్నా లేకపోయినా ఒకటే. వాడేవాళ్లు దీన్నే ఆటో ఫైర్ అంటారు. దానికి ఒకటే విరుగుడు, కరెంటు దారిని చేత్తో తెంపడం. బ్యాటరీ ఊడేదైతే తీసి డబ్బాలో పెట్టాలి. లోపలే బిగించిన బ్యాటరీ అయితే ట్యాంకు మర విప్పాలి, పాడ్ అయితే పైకి లాగేయాలి. కాయిల్ లేని చోట వేడెక్కడానికేమీ ఉండదు. ఒకసారైనా తనంతట తాను వెలిగిన పరికరాన్ని మళ్లీ జేబులో పెట్టడం మానాలి. బటన్ జిగురైతే తుడిచి బాగుచేయొచ్చు కానీ, మాస్‌ఫెట్ పోయినదాన్ని బాగుచేయమని నా దగ్గరికి తెస్తే నేను ఒప్పుకోను. అంత చేసి దాన్ని మళ్లీ తొడ పక్కన పెట్టుకోవడం ఎందుకు?

బటన్ లేని రకాలు ఇంకోలా తంటా తెస్తాయి. వాడి పారేసేవి చాలావరకు ఇవే. పీల్చినప్పుడు గాలి కదలికను పసిగట్టే సెన్సర్ కాయిల్‌ను వెలిగిస్తుంది. కారిన ద్రవమో, ఆవిరి చెమ్మో ఆ సెన్సర్‌లోకి దిగితే ఎవరూ పీల్చకపోయినా కాయిల్ వేడెక్కుతూ పరికరం మీది లైటు వెలుగుతుంటుంది. దీనికి లాక్ ఉండదు, బ్యాటరీ ఊడదు. కొత్తదాని మూతికి, గాలి రంధ్రానికి రబ్బరులాంటి బిరడాలు వస్తాయి, వాటిని పారేయకుండా దాచుకుంటే జేబులో పెట్టేటప్పుడు మళ్లీ పెట్టుకోవచ్చు. లైటు ఊరికే వెలుగుతుందంటే మాత్రం వెంటనే జేబులోంచి తీసి, అంటుకునేవి లేని చోట, రాతి మీదో సిమెంటు మీదో పెట్టాలి.

ఇక విడి బ్యాటరీలు. నా లెక్కలో బటన్ కన్నా ఇవే ప్రమాదం. ఎక్కువగా వాడే 18650 అనే సెల్ 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. పైన ఉన్న చిన్న బొడిపె ఒక్కటే ప్లస్. మిగతా ఒళ్లంతా, పై అంచుతో సహా, మైనస్. ఆ రెంటి మధ్య అడ్డు ఒక పల్చటి ప్లాస్టిక్ తొడుగు, ఒక కాగితపు రింగు, అంతే. పై అంచు దగ్గర తొడుగు చిరిగితే ఒక తాళంచెవి, ఒక నాణెం చాలు షార్ట్ కావడానికి. అప్పుడు వచ్చే కరెంటును ఆపే సర్క్యూట్ ఈ సెల్‌కు సాధారణంగా ఉండదు. తొడుగు చిరిగిన సెల్‌కు కొత్త తొడుగు వేయించుకోవాలి. సొట్ట పడినదాన్ని వదిలేయాలి. విడి సెల్‌ను ప్లాస్టిక్ డబ్బాలో తప్ప జేబులో వేసుకోకూడదు.

ఇది నా ఊహ కాదు. అమెరికా అగ్నిమాపక విభాగం 2009 నుంచి 2016 దాకా పత్రికల్లో, టీవీల్లో వచ్చిన వార్తలను ఏరి, ఈ-సిగరెట్లు అంటుకున్నవీ పేలినవీ కలిపి 195 ఘటనలు లెక్కగట్టింది. వాటిలో 61 పరికరమో విడి బ్యాటరీయో జేబులో ఉండగా జరిగినవి. వాడుతుండగా జరిగినవి 60, చార్జింగ్‌లో 48. నోటి దగ్గర ఉన్నప్పటికన్నా జేబులో ఉన్నప్పుడు ఒకటి ఎక్కువే. విలేకరులు ఎక్కడ జరిగిందో రాశారు కాబట్టే ఆ లెక్క కుదిరింది. రాయకపోతే 195 ఘటనలన్న అంకె ఒకటే మిగిలేది. మీ పత్రికను నేను అడుగుతున్నది ఈ కొంచెమే. పోలీసులనో డాక్టర్‌నో ఇంకో రెండు ప్రశ్నలు అడిగి, ఇంకో రెండు లైన్లు రాయండి.

విమానాల సంగతీ చెప్పాలి. 2014 ఆగస్టులో బోస్టన్ విమానాశ్రయంలో విమానం అడుగున చెకిన్ సామాన్ల అరలో పెట్టిన ఒక సూట్‌కేసులోని ఈ-సిగరెట్ వల్ల మంటలొచ్చి విమానాన్ని ఖాళీ చేయించారు. 2015 జనవరిలో లాస్ ఏంజిలెస్‌లో మరో సూట్‌కేసు అంటుకుంది. ఆ ఏడాదే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ వీటిని చెకిన్ సామానులో పెట్టకూడదని నిబంధన తెచ్చింది. అంటే, అనుమతి ఉన్న చోట, ప్రయాణికుడి దగ్గరే ఉండాలి, పొరపాటున వెలగకుండా చూసుకునే బాధ్యతా అతనిదే. ఇక్కడ ఒక చిక్కుంది. పైకెళ్లాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గి ట్యాంకులోని ద్రవం బయటికి తోసుకొస్తుంది, అదే బటన్‌కీ సెన్సర్‌కీ అంటుకుంటుంది. విమానం ఎక్కేముందు ట్యాంకు ఖాళీ చేసి, పరికరం నుంచి విడదీసి పెట్టుకుంటే రెండు బాధలూ తప్పుతాయి.

దేనిలో పెట్టుకోవాలి అని అడిగేవాళ్లకు నేను కళ్లజోడు డబ్బా చూపిస్తాను. గట్టిది, బటన్ మీద ఒత్తిడి పడనివ్వదు. రంగురంగుల సిలికాన్ తొడుగులు గీతలు పడకుండా కాపాడతాయేమో కానీ బటన్‌ను నొక్కకుండా ఆపవు. డబ్బా లేకపోతే కనీసం వేరే ఏ వస్తువూ లేని జేబులో, బిగుతుగా లేనిదాంట్లో వేసుకోవాలి. హ్యాండ్‌బ్యాగుకూ ఇదే వర్తిస్తుంది, అందులో పెన్నులు, తాళాలు, దువ్వెనలు అన్నీ బటన్‌ను నొక్కేవే.

తయారీదారులను కూడా ఒక మాట అనాలి. చౌక టార్చిలైటుకు కూడా ముందుకీ వెనక్కీ జరిపే స్విచ్ ఉంటుంది. కాయిల్ దారిని నిజంగా తెంపే అలాంటి స్విచ్ ఒకటి, పరికరం పైమట్టం కన్నా లోతుగా కూర్చునే బటన్ ఒకటి పెడితే ఇందులో సగం మాటలు నేను రాయనక్కర్లేదు. చాలామంది మెరిసే లైట్లకు ఖర్చుపెట్టి బటన్‌ను బొడిపెలా బయటికి నిలబెడుతున్నారు. చూడ్డానికి బాగుంటుంది, జేబుకు మాత్రం పనికిరాదు.

ఇంత చేసినా జేబులో వేడి తగిలితే చెయ్యి లోపల పెట్టి వెతకొద్దు. పొగో బుసబుస శబ్దమో వస్తుంటే ఎవరున్నారని చూడకుండా ప్యాంటే విప్పేయాలి. సిగ్గుపడే టైమ్ ఉండదు. లిథియం కదా, నీళ్లు పోయొద్దని కొందరు అడ్డం పడతారు. కానీ మండుతున్న లిథియం అయాన్ సెల్‌ను చల్లార్చడానికి విమాన సిబ్బందికి నేర్పేది నీళ్లు పోయడమే. ఒకసారి మంట ఆరినా సెల్ మళ్లీ అంటుకోవచ్చు, చేత్తో తీయకూడదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాక ‘కాలింది’ అని ఊరుకోకుండా లిథియం బ్యాటరీ వల్ల కాలిందని చెప్పాలి. అందులోని రసాయనాలు కూడా చర్మాన్ని తింటాయి, పుండును చూసే పద్ధతి దాన్నిబట్టి మారుతుంది. సెల్ మిగిలుంటే దాని ఫొటో తీసి చూపించాలి.

ఇట్లు,
ఎలక్ట్రానిక్స్ రిపేరు మెకానిక్, మీ పాఠకుడు