శత్రువు వైపు వెళ్లినవాళ్లంతా ద్రోహులేనా?

సంపాదకులకు నమస్కారం.

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలేసి ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి ఆటల గురించి తెలుగు పత్రికలో రావడమే నాకు సంతోషం. కానీ వేరే లోకం మన లోకం మీదకు దండెత్తి వచ్చే కథల్లో శత్రువు వైపు వెళ్లే మామూలు జనాన్ని పిరికివాళ్లనీ, అమ్ముడుపోయారనీ వ్యాసకర్త ఒక్క మాటలో తేల్చేశారు. దానికి నేను ఒప్పుకోను.

నల్లగొండలో స్నేహితులతో నేను టోర్గ్ అనే ఆట ఆడిస్తుంటాను. ఆడించేవాడు కథ చెబుతుంటే, మిగతావాళ్లు తలా ఒక పాత్ర వేసి అందులో ఏం చేస్తారో చెబుతారు. 1990లో వెస్ట్ ఎండ్ గేమ్స్ అనే కంపెనీ తెచ్చిన ఆట ఇది. తర్వాత టోర్గ్ ఎటర్నిటీగా మళ్లీ వచ్చింది. ఇందులో భూమ్మీద ఒక్కో చోట ఒక్కో లోకం వచ్చి పడుతుంది. ఏ లోకం దిగితే అక్కడ దాని సూత్రాలే చెల్లుతాయి. అమెరికా మీద పడే లివింగ్ ల్యాండ్‌లో డైనోసార్లు తిరుగుతాయి, తుపాకులు, ఫోన్లు మొరాయిస్తాయి. కానీ అక్కడ మహిమలు నిజంగానే పనిచేస్తాయి, పూజారి చెయ్యి వేస్తే గాయం మానుతుంది. మామూలు మనుషులు చాలామంది తమ ప్రమేయం లేకుండానే ఆ లోకపు మనుషులుగా మారిపోతారు. తెలిసీ, కావాలని వెళ్లేవాళ్ల గురించే నా బాధంతా.

మాది మర్రిగూడ మండలం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా బోరు నీళ్లు ఆ లెక్కను ఎన్నడో దాటాయి. మా పెద్దనాయనకు మెడ తిరగదు. వెనక నుంచి పిలిస్తే గోడ పట్టుకుని మనిషి మొత్తం తిరుగుతాడు. తల వెనక్కి వాలదు కాబట్టి చెంబులో నీళ్లు పక్కకు ఒరిగి తాగుతాడు. ఇప్పుడు భగీరథ నీళ్లొస్తున్నాయి, మా ఇంట్లో చిన్నపిల్లల పళ్లకు గారలు లేవు, ఆ మాట చెప్పి తీరాలి. కానీ వంగిన ఎముకను మళ్లీ తిన్నగా చేసే మందు లేదు.

ఒక ఆటలో లివింగ్ ల్యాండ్‌ను మా వైపే దింపాను. పూజారి చెరువు కట్ట మీద కూర్చుని మోకాళ్లు నిమురుతుంటే చుట్టుపక్కల ఊళ్ల జనం లైను కట్టారు. ఊరికే కాదు. ఆ మతంలో ప్రాణం లేని వస్తువు ముట్టకూడదు. నాగలి, చెప్పులు, కళ్లద్దాలు, గోడ మీది పెళ్లి ఫొటో, అన్నీ వదిలేయాలి. అయినా లైను తగ్గలేదు. వీరుడి పాత్ర వేసే దేవరకొండ మిత్రుడు "వాళ్లను ఆపాలె" అన్నాడు. "ఏం చెప్పి ఆపుతవు రా?" అని అడిగాను. వాడు చాలాసేపు ఆలోచించి, కత్తి పక్కన పెట్టి, పూజారితో బేరానికి కూర్చున్నాడు: నయం చెయ్యి, కానీ మనుషులను మాకు వదిలెయ్ అని. మేం ఆడినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం అదే.

ఇక శత్రువు వైపు రమ్మని పిలిచేవాడి సంగతి. వాడు కొమ్ములు పెట్టుకుని రాడు. పాలమూరు వలసలు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గుంపు మేస్త్రీ మన ఊరివాడే, వరసకు మామో బావో అవుతాడు. బోరు ఎండిపోయి, బిడ్డ పెళ్లి దగ్గరపడ్డ నెలలో ఇంటికొచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. పోయేది ఎక్కడికి, పని ఎన్ని గంటలు అన్నవి తర్వాతి మాటలు. దేశంలో ఎన్ని డ్యాములు, కాలువలు ఆ అడ్వాన్సుల మీదే లేచాయో! టోర్గ్‌లో దండెత్తి వచ్చే లోకాన్ని ఏలేవాడిని హై లార్డు అంటారు. వాడికి తెలివుంటే సైన్యం కంటే ముందు అలాంటి మేస్త్రీనే పంపుతాడు. ఆ డబ్బు పుచ్చుకున్న తండ్రిని ద్రోహి అనడానికి నాకు నోరు రాదు. పుచ్చుకున్నాక అతను ఎట్లా ఇరుక్కుపోయాడో, మళ్లీ ఇంటికి ఎట్లా రావాలో, ఆట అక్కడ నడవాలి.

ఎటర్నిటీలో, భయమే ఏలే ఆరార్ష్ లోకం మన భారతదేశం మీదే పడుతుంది. కాబట్టి తెలుగు కుర్రాళ్లు దాన్ని మన తండాల్లో, మన పల్లెల్లో ఆడించే రోజు దూరం లేదు. ఆడించేవాళ్లకు ఒక మనవి: శత్రువుకు తలుపు తీసే ప్రతి మనిషికీ ఒక పేరు, ఇంట్లో ఒక జబ్బో అప్పో రాసుకుని ఆటకు కూర్చోండి. వ్యాసకర్త కూడా తర్వాతి భాగంలో ఆ మనుషుల వైపు నుంచి రాయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా