టానీ కాస్టర్ ఫొటోలు: ఈ ఆదివారం

డార్విన్ (ఆస్ట్రేలియా) సభ్యులందరికీ నమస్తే!

ఇండియా, శ్రీలంకల టానీ కాస్టర్ సీతాకోకచిలుక ఆగ్నేయాసియా మీదుగా వ్యాపించి 2012లో ఇక్కడ కనబడింది. ఆదివారం ఉదయం 8–10 మధ్య మీ దగ్గర్లోని గడ్డిలో వెతకండి. నేలబారుగా, నింపాదిగా ఎగురుతుంది.

రెండు ఫొటోలు తప్పనిసరి: రెక్కలు విప్పినప్పుడు పైనుంచి, ముడిచినప్పుడు పక్కనుంచి.

నారింజ రంగు, ముందు రెక్కల మీద విడివిడిగా నల్లచుక్కలు ఉంటాయి. చాలామంది పొరబడేది లెస్సర్ వాండరర్ అనే మరో సీతాకోకచిలుకతో. వెనక రెక్క చూసి తేల్చకండి, రెంటికీ నల్ల అంచులో తెల్లచుక్కలే! ముందు రెక్క కొస చూడండి: వాండరర్‌కి నలుపులో తెల్లపట్టీ ఉంటుంది, కాస్టర్‌కి ఉండదు.

ప్యాషన్ తీగల (ప్యాషన్ ఫ్రూట్ జాతి) మీద దీని ముళ్ల గొంగళిపురుగులుంటే ఆకుతో సహా ఫొటో తీయండి. దేన్నీ పట్టుకోవద్దు.

గ్రూప్‌లో పెడితే ఫొటోలోని లొకేషన్ పోతుంది. తేదీ, చోటు విడిగా టైప్ చేసి రాత్రికల్లా పంపండి, మర్చిపోవద్దు 🙏