లేని ధర మీద చూపిన తగ్గింపు: హెడ్‌ఫోన్లు, స్పీకర్ల కొనుగోలుపై ఫిర్యాదు

హైదరాబాద్,
18 నవంబరు 2025.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: దసరా ఆఫర్లలో కొన్న హెడ్‌ఫోన్ల గరిష్ఠ చిల్లర ధరను ఎక్కువ చేసి చూపడం, స్పీకర్ల సామర్థ్యాన్ని తప్పుగా ప్రకటించడం గురించి.

ఆర్యా,

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కాలనీ గ్రంథాలయం కోసం సెప్టెంబరు 27న మీ వెబ్‌సైటులో ఆరు హెడ్‌ఫోన్లు, ఒక జత స్పీకర్లు కొన్నాం. గ్రంథాలయ కమిటీ కార్యదర్శిగా ఈ లేఖ రాస్తున్నాను. అక్టోబరు 6న మీ యాప్ ద్వారా ఇచ్చిన ఫిర్యాదుకు, ధరలు నిర్ణయించేది విక్రేతే కాబట్టి మీకు సంబంధం లేదంటూ ఒక ముక్తసరి జవాబు వచ్చింది. ఆ తర్వాత ఎలాంటి పరిష్కారమూ లేదు. అందుకే ఆధారాలన్నీ జతచేసి, విషయాన్ని వివరంగా మీ ముందు పెడుతున్నాను.

మా గ్రంథాలయానికి చూపులేని యువతీయువకులు కొందరు వస్తారు. గ్రూప్స్, డీఎస్సీ పరీక్షలకు తయారవుతూ, రికార్డు చేసిన పాఠాలను ట్యాబ్లెట్లలో వింటూ చదువుకుంటారు. వాళ్లకు కావలసింది దడదడలాడే బేస్ కాదు. పాఠం చెప్పే గొంతులో ప్రతి అక్షరం విడివిడిగా వినిపించడం, గంటల తరబడి పెట్టుకున్నా చెవులు నొప్పి పుట్టకపోవడం. అందుకే చెవులను పూర్తిగా కప్పేవి, తీగతో పనిచేసేవి, 32 ఓమ్‌ల ఇంపెడెన్స్ (విద్యుత్తుకు చూపే నిరోధం) మాత్రమే ఉండి వేరే యాంప్లిఫయర్ అవసరం లేకుండా ట్యాబ్లెట్‌తోనే సరిపడా పలికేవి ఎంచుకున్నాం. డబ్బు కాలనీవాసుల చందాలది. రూపాయి రూపాయికీ జమాఖర్చుల పుస్తకంలో లెక్క చెప్పాలి. రెండు మూడు మోడళ్ల మధ్య ఏది కొనాలా అని కమిటీ చర్చించినప్పుడు, మీ పేజీలో కనిపించిన తగ్గింపే నిర్ణయాన్ని ఇటు మొగ్గేలా చేసింది.

ఆ పేజీలో హెడ్‌ఫోన్ల ఎం.ఆర్.పి. 7,999 రూపాయలని చూపి, దాన్ని కొట్టేసి, పక్కనే 2,799 రూపాయలని, 65 శాతం తగ్గింపని రాశారు. పెట్టెలు ఇంటికి వచ్చాక చూస్తే, ఆరింటి అడుగుభాగానా అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర 4,499 రూపాయలని అచ్చయి ఉంది. అది మీద అతికించిన స్టిక్కరు కాదు, తయారీ నెల, దిగుమతిదారు చిరునామా ఉన్న గడిలోనే, అదే సిరాతో ముద్రించిన అంకె. అంటే 7,999 అనే ధర ఆ వస్తువుకు ఎక్కడా లేదు. ముద్రించిన ధరతో పోలిస్తే మీరు ఇచ్చిన తగ్గింపు 38 శాతం మాత్రమే. కోఠీ గుజరాతీ గల్లీలోని ఒక దుకాణంలో ఇదే మోడలును, ఇవే వివరాలున్న పెట్టెలో, బిల్లుతో సహా 2,700 రూపాయలకు ఏ పండగ ఆఫరూ లేకుండా అమ్ముతున్నారు. ఆ కొటేషన్ కూడా జతచేశాను. ఏడాదిలోకెల్లా అతి తక్కువ ధర అని మీ సంస్థ పేరుతోనే పేజీ నెత్తిన ప్రకటన పెట్టి, మామూలు బజారు ధర కంటే ఎక్కువ తీసుకోవడం ఏ రకంగానూ సమంజసం కాదు.

కొనే సమయంలో ఈ ధర ఇంకా 3 గంటలే అంటూ ఒక గడియారం తిరుగుతూ కనిపించింది. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, నిన్న చూసినా అదే 2,799, అదే 65 శాతం. కొనేవాళ్లను తొందరపెట్టడానికి తప్ప ఆ గడియారం మరి దేనికీ పనికిరాలేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీచేసిన మార్గదర్శకాల్లో, వినియోగదారులను మోసగించే 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లలో ఇలాంటి కృత్రిమ తొందర కల్పించడం కూడా ఒకటి. మొదట తక్కువ ధర చూపి చివర్లో అదనపు రుసుములు బయటపెట్టడం మరొకటి. మా ఆర్డరులో డబ్బు కట్టే చివరి పేజీలో మాత్రమే ఆఫర్ హ్యాండ్లింగ్ పేరుతో 149 రూపాయలు కనిపించాయి.

స్పీకర్ల సంగతి ఇంతకంటే బాధాకరం. 12,999 రూపాయలవి 60 శాతం తగ్గింపుతో 5,199కే అని, పేరులోనే 160 వాట్లని పెద్ద అక్షరాలతో రాశారు. పెట్టెలో వచ్చిన పుస్తకంలో మాత్రం రెండూ కలిపి ఆర్.ఎం.ఎస్. (నిలకడగా ఇచ్చే శక్తి) 20 వాట్లని, అది కూడా 10 శాతం డిస్టార్షన్ (ధ్వని చెదిరి మారిపోవడం) దగ్గర అని ఉంది. 160 అన్నది పి.ఎం.పి.ఓ. లెక్క. అది స్పీకరు రెప్పపాటు కాలం తట్టుకోగలదని చెప్పే అంకె. దాన్ని ఎలా కొలవాలన్న దానికి అందరూ ఒప్పుకున్న ప్రమాణం లేదు కాబట్టి ఎవరికి తోచినంత వాళ్లు వేసుకోవచ్చు. నిలకడగా ఎంత శక్తితో పలుకుతుందో చెప్పేది ఆర్.ఎం.ఎస్. ఒక్కటే. ఆ అంకె మీ పేజీలో పైనుంచి కింది దాకా ఎక్కడా లేదు. 10 శాతం డిస్టార్షన్ అంటే మాట అప్పటికే బీటలువారి వినిపిస్తున్నట్టు; స్పష్టంగా వినిపించే స్థాయి 20 వాట్ల కంటే ఇంకా తక్కువే. నలభై మంది కూర్చునే మా హాలులో వెనక వరుసకు వినపడాలని వాల్యూమ్ పెంచితే, మాటల్లో స, శ, ష తేడా తెలియనంతగా గొంతు గరగరలాడుతోంది. కోఠీలో దాదాపు ఇదే సొమ్ముకు ఆర్.ఎం.ఎస్. 40 వాట్ల జత దొరుకుతోంది. కొనేవాళ్లు వాటి పక్కన మీ 160 అంకె చూస్తే, నాలుగు రెట్లు శక్తిమంతమైనది చౌకగా వస్తోందనే అనుకుంటారు. నిజానికి సగం శక్తి ఉన్నదాన్ని అంతే ధరకు కొంటున్నారు. తగ్గింపు శాతం సరైనదే అయినా, వాట్ల లెక్క తప్పయితే ఆ బేరం విలువ ఎవరికీ అంతుపట్టదు.

మీరు మధ్యవర్తి సంస్థే కావచ్చు. కానీ పేజీ మీద ప్రకటన మీది, గడియారం మీది, హ్యాండ్లింగ్ రుసుము మీ ఖాతాలోకే వెళ్లింది. ప్యాకేజీ వస్తువుల ఎం.ఆర్.పి., ఇతర తప్పనిసరి వివరాలు ఆన్‌లైన్ పేజీలో కూడా చూపాలన్న తూనికలు, కొలతల నిబంధన 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పెట్టె మీద ఒకటి, పేజీలో ఒకటి ఉంటే ఆ నిబంధనకు అర్థమే లేదు. ఇ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. మా మొదటి ఫిర్యాదు విషయంలో ఆ గడువు దాటిపోయింది.

మేము అడుగుతున్నది ఇది. హెడ్‌ఫోన్లను పిల్లలు వాడుకుంటున్నారు, వాటి నాణ్యతపై మాకు ఫిర్యాదు లేదు, కాబట్టి వాపసు చేయడం లేదు. అయితే మీరు ప్రకటించిన 65 శాతం తగ్గింపును పెట్టె మీద ముద్రించిన 4,499 రూపాయలకు వర్తింపజేస్తే ఒక్కొక్కటి 1,575 రూపాయలకు రావాలి. తేడా 1,224 చొప్పున ఆరింటికి 7,344 రూపాయలు తిరిగి చెల్లించాలి. స్పీకర్లను మీ ఖర్చుతో వెనక్కి తీసుకొని 5,199 రూపాయలు పూర్తిగా ఇవ్వాలి. వాపసు గడువు దాటిందన్న కారణం ఇక్కడ చెల్లదు. మేము మనసు మార్చుకుని వెనక్కి ఇవ్వడం లేదు, వస్తువే ప్రకటనలో చెప్పినట్టు లేదు. హ్యాండ్లింగ్ రుసుము 149 కూడా వీటితో పాటు జమ చేయాలి.

మా డబ్బు మాకు వచ్చినంత మాత్రాన ఈ ఫిర్యాదు తీరిపోయినట్టు కాదు. ఆ రెండు పేజీలను వెంటనే సరిచేయాలి. ఎం.ఆర్.పి.ని పెట్టె మీద ఉన్నట్టే చూపాలి, స్పీకర్లన్నింటికీ ఆర్.ఎం.ఎస్. వాట్లను, ఎంత డిస్టార్షన్ దగ్గర కొలిచారో దానితో సహా, పేరు పక్కనే రాయాలి. ఐరోపా సమాఖ్య దేశాల్లో ధర తగ్గించామని ప్రకటించే దుకాణాలు అంతకు ముందు 30 రోజుల్లోని అతి తక్కువ ధరను చూపాలన్న నియమం 2022 మే 28 నుంచి అమల్లో ఉంది. మన దేశంలో అలాంటి నియమం వచ్చేదాకా ఆగకుండా మీరే ఆ పద్ధతి మొదలుపెట్టవచ్చు. ఏ వస్తువు ఎప్పుడు ఎంతకు అమ్మారన్న లెక్క మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. అది కొనేవాళ్ల కళ్లకు కనిపిస్తే, ఆఫర్ నిజమైనదో కాదో వాళ్లే తేల్చుకుంటారు.

డిసెంబరు 5లోగా రాతపూర్వకంగా జవాబు, సొమ్ము అందకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మేరకు ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా ఉండదు.

జతపరచినవి: ఇన్‌వాయిస్ ప్రతి, రెండు పేజీల స్క్రీన్‌షాట్లు (సెప్టెంబరు 27 నాటివి, నిన్నటివి), పెట్టెల అడుగుభాగం ఫొటోలు, స్పీకర్ల పుస్తకంలోని సాంకేతిక వివరాల పేజీ, కోఠీ దుకాణం కొటేషన్, మీ యాప్‌లో వచ్చిన జవాబు.

ఇట్లు,
కార్యదర్శి,
కాలనీ గ్రంథాలయ కమిటీ,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్.