పెడన నుంచి మాంచెస్టర్‌కి, నీ 120 డ్రెస్సుల సంగతి

చిట్టితల్లీ,

మొన్న వీడియో కాల్‌లో నువ్వు అంత హుషారుగా చెప్తుంటే నేను "సర్లే చూద్దాం" అని పెట్టేశాను కదా, కోపమొచ్చి ఉంటది. ఏం చెయ్యను, మీ నాన్న పక్కనే కూర్చుని వింటున్నారు, ఆయన ముందు ఎత్తలేని మాట ఒకటుంది. అందుకే ఇలా రాస్తున్నా. ఫోన్‌లోనే కొడుతున్నా, కళ్ళజోడు పెట్టుకున్నా కూడా తప్పులు పడతానే ఉన్నాయి, సర్దుకుని చదువుకో.

నువ్వు చెప్పింది నాకు అర్థమైంది ఏంటంటే, నాలుగు డిజైన్లు, మూడు సైజులు, సైజుకి పది చొప్పున మొత్తం 120 డ్రెస్సులు, పెడన అద్దకం గుడ్డతో, అదే కలంకారీ, రంగులన్నీ ఆకూ చెక్కా బాపతే ఉండాలి, పనివాళ్ళకి మంచి రేటు ఇవ్వాలి, సరుకు దీపావళికి ముందే మాంచెస్టర్ చేరాలి. అన్నీ బాగానే ఉన్నాయి, ఆ చివరిదొక్కటే బాలేదు. ఇప్పుడు శ్రావణం. బయట వాన పడతానే ఉంది, దండెం మీది చీర మూడు రోజులైనా ఆరక వాసనేస్తంది. ఈ వానల్లో 300 మీటర్లు ఎక్కడ ఆరబెడతావమ్మా?

300 ఎలాగంటావా, డ్రెస్సుకి రెండున్నర మీటర్లు వేసుకో. దాని మీద పదో వంతు వేస్టేజీ కలుపు, అచ్చు చెదిరిందనో మరక పడిందనో పోయేది ఎప్పుడూ ఉంటది, కాబట్టి 330 మీటర్లు. ఇదేం పెద్ద ఆర్డర్ కాదు ఇక్కడి వాళ్ళకి. కానీ నాలుగు డిజైన్లు అన్నావు చూడు, ఒక్కో డిజైన్లో ఒక్కో రంగుకీ వేరే అచ్చు కావాలి, గీతకొకటి, లోపల నింపడానికి ఒకటి, అంచుకొకటి. అంటే కొత్తగా పది పన్నెండు అచ్చులు టేకు చెక్క మీద చెక్కించాలి. 120 డ్రెస్సుల కోసం అంత చెక్కిస్తే అచ్చుల ఖర్చే డ్రెస్సు నెత్తిన కూర్చుంటది. రెండు డిజైన్లు చాలు. లేదంటే మన అటక మీద ఉన్నవే వాడుకో, వాటి సంగతి తర్వాత చెప్తా.

నువ్వు చిన్నప్పుడు ఆ గుడ్డల మధ్యే ఆడుకున్నావు గానీ పని మొత్తం వరసగా ఎప్పుడూ చూడలేదు, నేనే చూడనివ్వలేదులే, చదువు పాడైపోద్దని. ముందు గుడ్డని పేడ నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండేసి తెల్లబరుస్తారు. తర్వాత కరక్కాయ నీళ్ళలో ముంచి తీస్తే లేత పసుపు తిరుగుద్ది. అసలు మజా అక్కడే ఉంది. ఇనప తుక్కూ బెల్లమూ వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన కుండలో నీళ్ళు చూస్తే నల్లగా ఏం ఉండవు, కాస్త మురికిగా, గోధుమ రంగులో ఉంటాయంతే. అచ్చుని అందులో అద్ది కరక్కాయ గుడ్డ మీద కొట్టగానే నీ కళ్ళముందే నల్లగా తిరిగిపోద్ది. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఆ పక్కనే నిలబడి చూస్తా ఉండేదాన్ని, మీ నాయనమ్మ "పొయ్యి మీద పాలు పొంగుతున్నాయే" అని అరిచేదాకా.

ఎరుపు ఇంకా విచిత్రం. అచ్చుతో కొట్టేది ఎరుపు కాదు, పటిక. తుమ్మ జిగురులో కలిపిన పటిక, దానికి రంగే ఉండదు, ఎక్కడ కొట్టామో కనబడాలని కాస్త ఎర్రమట్టి లాంటిది కలుపుకుంటారు. తర్వాత కాలవలో పారే నీళ్ళలో జాడించి, పెద్ద రాగి గుండిగలో రంగు వేసి ఉడికిస్తే పటిక పడ్డచోటే ఎరుపు పట్టుకుంటది, మిగతాది గడ్డి మీద పరిచి నీళ్ళు చిలకరిస్తా ఎండబెడితే మెల్లగా తెల్లబడుద్ది. అంటే పారే నీళ్ళు కావాలి, ఎండ కావాలి, రెండూ ఒకేసారి కావాలి. వానాకాలం ఎండుండదు. నడి వేసవిలో కాలవలు కట్టేస్తారు, నీళ్ళుండవు. కార్తీకం దాకా తుఫాను భయం. నికరంగా పని సాగేది ఎప్పుడంటే సంక్రాంతి వెళ్ళాక కాలవ కట్టేసేలోపు, అంతే. నువ్వు దీపావళి మర్చిపో. అక్కడ మీకు ఎండలు జూన్‌లో కదా వచ్చేది, పలచటి కాటన్ ఎవరైనా అప్పుడేగా వేసుకునేది, నవంబర్ చలిలో ఎవరు కొంటారే? జూన్‌కి పెట్టుకో.

ఇప్పుడు మీ నాన్న ముందు చెప్పలేని మాట.

నువ్వు ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు ఒక పెద్ద సిటీ నుంచి ఎక్స్‌పోర్ట్ వ్యాపారం చేసే ఆయనొకడు వచ్చాడు గుర్తుందా, నీకు చాక్లెట్ డబ్బా తెచ్చాడు. 600 మీటర్లు ఆర్డర్ ఇచ్చాడు, మనం అప్పటిదాకా చూసిన వాటిల్లో అదే పెద్దది. నాలుగో వంతు బయానా ఇచ్చి, సెప్టెంబర్ ఆఖరికి సరుకు ఓడ ఎక్కాలి, ఒక్కరోజు లేటైనా తీసుకోనని కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. మీ నాన్న ఒప్పుకోకుండా ఉండాల్సింది, కానీ అప్పుడు మనకి అప్పులు, నీ స్కూలు ఫీజు, అవన్నీ నీకిప్పుడెందుకులే. ఆ ఏడు వాన విడవలేదు. నలుపు ఎలాగో అయ్యింది గానీ ఎరుపు దగ్గర ఆగిపోయాం, ఉడికించినా సరిగ్గా ఎక్కడం లేదు, ఆరడం లేదు, ఇంకా 200 మీటర్లు మిగిలింది, వారమే టైముంది. అప్పుడు బజార్లో దొరికే కెమికల్ ఎరుపు తెచ్చి కానిచ్చేద్దాం అన్నది ఎవరనుకున్నావు? నేనే. మీ నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున లేచి వెళ్ళి తెచ్చారు.

చూడ్డానికి ఇంకా బాగుంది కూడా, చెప్పొద్దూ. మెరిసిపోయింది. డేటుకి పంపాం. రెండు నెలల తర్వాత ఫోనొచ్చింది, అక్కడెవరో ఉతికితే ఎరుపు దిగి మొత్తం గులాబీ రంగు అయిపోయిందంట. అందులో 400 మీటర్లు నిఖార్సైన సరుకు ఉంది కదయ్యా అంటే వినలేదు, మొత్తానికి డబ్బులు ఆపేశాడు. అది అన్యాయమే, ఇప్పటికీ అంటాను. కానీ మిగతా 200 విషయంలో నాకు నోరు లేదు. నా గాజులు నాలుగూ అప్పుడే పోయాయి, నువ్వు కాలేజీలో చేరేటప్పుడు "అమ్మా నీ గాజులేవి" అంటే లాకర్లో ఉన్నాయన్నాను చూడు, లాకరూ లేదు ఏం లేదు. ఆ తర్వాత రెండేళ్ళకి మీ నాన్న పని ఆపేశారు. మోకాళ్ళ నొప్పులని అందరికీ చెప్తారు.

ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు కాల్‌లో "పక్కా డేట్ ఇవ్వమను అమ్మా, లేకపోతే డబ్బులు కట్ చేస్తానని చెప్పు" అన్నావు. అచ్చం ఆ ఎక్స్‌పోర్ట్ ఆయన మాటే అది. నాకు ఒళ్ళు జలదరించింది. ఇక్కడ రంగులో మోసం చేసేవాళ్ళు అందరూ దొంగబుద్ధితో చెయ్యరే, తేదీ మెడ మీద కూర్చుంటే చేస్తారు. నువ్వు నికార్సైన సరుకు కావాలంటావు, డేటూ కావాలంటావు, వాన వచ్చిందంటే ఆ రెండిట్లో ఒకటి పోద్ది, అప్పుడు ఏది వదులుకుంటావో ముందే చెప్పెయ్యి పనివాళ్ళకి. "ఆలస్యమైనా పర్లేదు, కెమికల్ మాత్రం వద్దు" అన్న ఒక్కమాట నీ నోటితో నువ్వే చెప్పాలి, నేను చెప్తే వేరు. బయానా సగం ఇవ్వు, గుడ్డ కొనాలన్నా కరక్కాయ పటిక కొనాలన్నా వాళ్ళు అప్పు తెచ్చుకునే పని లేకుండా. మిగతాది గుడ్డ మన గడప దాటేరోజే ఇచ్చెయ్యి, నీ డ్రెస్సులు అమ్ముడయ్యాక ఇస్తాననకు, అమ్ముడవ్వకపోతే అది నీ రిస్కు గానీ వాళ్ళది కాదు.

ఇంకోటి, ఎరుపు ఒక వాయికీ ఇంకో వాయికీ ఒకలా రాదు. నీళ్ళు మారితే మారుద్ది, మంట మారితే మారుద్ది. కాబట్టి ఒక డ్రెస్సు మొత్తం ఒకే తానులోంచి కట్ చేయించు, ముందు భాగం ఒక తాను, చెయ్యి ఇంకో తాను అయితే ఎండలోకి వెళ్ళగానే తేడా తెలిసిపోద్ది. కొనేవాళ్ళకి కూడా ముందే చెప్పు ఫొటోలో ఉన్నట్టు ఉండదని, తర్వాత రిటర్న్ చెయ్యకుండా. చెట్టు డిజైన్ అన్నావు, అది ఒకవైపుకే నిలబడే డిజైన్, తలకిందులుగా కట్ చెయ్యడం కుదరదు, అక్కడ గుడ్డ ఇంకా ఎక్కువ పోద్ది, ఆ ముక్కలు పారెయ్యకుండా సంచులు కుట్టించు. కుట్టడానికి మన వీధిలో ఆడవాళ్ళు నలుగురు రెడీగా ఉన్నారు, జాకెట్లు బాగా కుడతారు గానీ మీ సైజు నంబర్లు వాళ్ళకి తెలియవు, నంబర్లు కాదు ఒక కుట్టిన డ్రెస్సే పంపు, విప్పి చూసుకుంటారు.

లేబుల్ మీద నువ్వు రాయాలనుకున్నది "100 శాతం నేచురల్" కదా, ఆ మాట వద్దు. ఎరుపు కోసం ఇప్పుడు ఎక్కువమంది వాడే అలిజరిన్ ఫ్యాక్టరీలో తయారైందే, పూర్వం వేళ్ళ నుంచి తీసేవాళ్ళు. అది రంగు దిగదు, మంచిదే, కానీ వేళ్ళ నుంచి తీసింది కాదు. నీకు వేళ్ళ రంగే కావాలంటే చెప్పు, మంజిష్ఠ వేళ్ళు దొరుకుతాయి, రేటు వేరేగా ఉంటది, ఎరుపూ అంత గట్టిగా రాదు. చేనేత అని కూడా ఊరికే రాసెయ్యకు, పెడనలో అద్దేది చాలావరకు మిల్లు గుడ్డే. చేనేత కావాలంటే మంగళగిరి నుంచి తెప్పించుకోవాలి, అది వేరే లెక్క. ఉడికించడానికి కట్టెలు కాలతాయి, జాడించిన నీళ్ళు కాలవలోకే పోతాయి, ఇవన్నీ ఉన్నాయి మరి. ఉన్నదున్నట్టు రాయి, పేడ నీళ్ళతో సహా. నీ కస్టమర్లకి అదే నచ్చుద్దేమో ఎవరికి తెలుసు.

మార్కెట్లో కలంకారీ పేరుతో దొరికేదాంట్లో చాలా స్క్రీన్ ప్రింటే, నీకు ఎవరైనా ఆన్‌లైన్‌లో చవగ్గా ఇస్తామంటే గుడ్డ తిప్పి చూడు. అచ్చుతో కొట్టిన నలుపు వెనక్కి దిగుద్ది. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా ఉంటది, అస్సలు తేడా లేదంటే చెయ్యి పడలేదని.

నువ్వు పోయినేడు లండన్‌లో వి అండ్ ఎ మ్యూజియంకి వెళ్ళి పాత దుప్పటి ఫొటో పంపావు చూడు, కోరమాండల్ కోస్ట్ అని, అంటే మన తూర్పు తీరం అని రాసి ఉన్నది, మీ నాన్న దాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి చేసి చూశారు. "ఇది కలంతో గీసింది, అచ్చు కాదు" అన్నారు. ఆ తర్వాత ఇంకో మాటన్నారు, మనవాళ్ళ గుడ్డ మీద మోజు తట్టుకోలేక 1721లో ఇంగ్లండోళ్ళు అద్దకం గుడ్డలు కట్టకూడదని చట్టమే చేశారంట, 1774 దాకా ఎత్తలేదంట. 1611లో బందరు రేవుకి ఓడేసుకుని వచ్చింది వాళ్ళే, వద్దన్నదీ వాళ్ళే, తర్వాత మిల్లులు పెట్టి అవే పూలు మనకి తిప్పి అమ్మిందీ వాళ్ళే. ఆ మిల్లుల ఊళ్ళోనే నువ్విప్పుడు అద్దెకుంటున్నావని చెప్పి పగలబడి నవ్వారు. పని ఆపేశాక అద్దకం గురించి అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి.

అందుకే అటకెక్కాను. అచ్చులు నువ్వుల సంచిలో కట్టి పెట్టినవి పదిహేడున్నాయి, రెండిటికి చెద పట్టింది, నెమలిది పగిలింది. మామిడిపిందె అచ్చు, గీతదీ నింపేదీ రెండూ బాగున్నాయి, ఆ చిన్న లత అంచు కూడా. దుమ్ము దులిపి నూనె రాసి వరండాలో పెట్టా. మీ నాన్న పొద్దున పేపర్ చదువుతా వాటి వంక చూడనట్టే చూశారు. మధ్యాహ్నం నేను నిద్ర లేచేసరికి గీత అచ్చు చేతిలో ఉంది, బొటనవేలితో అంచులు తడుముతున్నారు. "పిందె తోక దగ్గర అరిగింది, చెక్కే ఆయన దగ్గరకి తీసుకెళ్ళాలి" అన్నారు. నేను ఏం మాట్లాడలేదు.

నిన్న పెరట్లో పాత కుండ కడిగి, విరిగిన బకెట్ కాడా, తుప్పు పట్టిన మేకులూ, బెల్లమూ వేసి నీళ్ళు పోశాను. మూడు వారాలు పడుద్ది. వాన తెరిపిచ్చిన రోజు చూసి రెండు మీటర్లు అద్ది నీకు పంపుతాం, నువ్వు దాన్ని మూడుసార్లు మిషన్‌లో వేసి ఉతికి చూసి అప్పుడు మాట్లాడు. ఈలోపు ఆ కుట్టిన డ్రెస్సు పంపు. మీడియం సైజుది.

కుండ విషయం మీ నాన్నకి తెలియదు, వాసన వచ్చేదాకా చెప్పకు.

అమ్మ