అరచేతిలో నిలవని అభ్యాస నాణేలు: సొమ్ము వాపసు కోరుతూ ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ప్రకటనలోని కొలతలకు సరిపోని నాణేల సెట్లు, తెలుగు వ్యాఖ్యానం లేని వీడియో పాఠాలు

అయ్యా,

మాది ఒడిశాలోని గంజాం జిల్లా, బరంపురం. సాయంత్రం పూట మా నేతవీధి పిల్లలకు హస్తలాఘవం, అంటే చేతి నేర్పుతో చేసే ఇంద్రజాలం, నేర్పుతుంటాను. అందులోనూ నాణేలతో చేసే అంశాలే ఎక్కువ. దసరా సెలవుల్లో వాళ్ళ చేత ఒక చిన్న ప్రదర్శన ఇప్పించాలని మీ సంస్థ నుంచి అభ్యాస నాణేల సెట్లు, వాటితోపాటు ఇచ్చే వీడియో పాఠాలు కొన్నాను. రెండూ పనికిరాలేదు. ఫోను చేస్తే మీ ఉద్యోగి, "ప్యాకెట్ విప్పేశారు కాబట్టి వాపసు కుదరదు, పిల్లలు ఆడుకునే వస్తువే కదా, సర్దుకోండి" అన్నారు. ఆ ఒక్క మాటే నన్ను ఈ ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టింది.

అమెరికా అర డాలరు కొలతలతో, అంటే 30.6 మిల్లీమీటర్ల వ్యాసం, 11.3 గ్రాముల బరువు, అంచు చుట్టూ సన్నని గాట్లు, రాగి-నికెల్ లోహంతో చేశామని మీ ప్రకటనలో రాశారు. నేను డబ్బు కట్టింది ఆ కొలతలు చూసే. మా పిల్లలు ఇంతవరకు పది రూపాయల నాణెంతో సాధన చేశారు. అది 27 మిల్లీమీటర్లు, 7.7 గ్రాములు. చేతిలో బాగానే ఉంటుంది కానీ వెనక వరుసలో కూర్చున్నవారికి సరిగా కనిపించదు. అందుకే పెద్ద నాణెం కావాలనుకున్నాను.

మీరు పంపినవాటిని మా వీధి కంసాలి త్రాసులో తూయించాను. ఒక్కటి కూడా 9 గ్రాములు తూగలేదు. ఒకే సెట్టులోని నాణేలు సైతం సమానంగా లేవు. అయస్కాంతం దగ్గర పెడితే అంటుకుంటున్నాయి, అంటే లోపల ఉన్నది ఇనుము, పైన ఉన్నది పూత. అంచుకు గాట్లు లేవు. పైగా కొన్నిటికి అచ్చు కోసినప్పుడు మిగిలిన పదును అలాగే ఉంది.

గాట్లు లేకపోతే ఏమవుతుందో మీకు తెలియాలి. నాణేన్ని అరచేతిలో దాచినప్పుడు వేళ్ళతో పట్టుకోరు. బొటనవేలి మొదట్లో ఉన్న కండకూ, చిటికెనవేలి కింద ఉన్న కండకూ నడుమ అంచు మాత్రమే ఆనుకుని నిలబడాలి. వేళ్ళు వదులుగా, చేతిలో ఏమీ లేనట్టే ఉండాలి. గాట్లు ఉంటే చర్మానికి పట్టు దొరుకుతుంది, చాలా కొద్దిపాటి ఒత్తిడి చాలు. నున్నటి అంచు జారిపోతుంది. జారకుండా పిల్లలు కండ బిగిస్తారు. బిగించగానే బొటనవేలు లోపలికి ముడుచుకుని చేయి కొయ్యబారుతుంది, నాణెం ఎక్కడుందో చూసేవారికి ఇట్టే తెలిసిపోతుంది. ఇది ఆ పూటతో పోయే నష్టం కాదు. ఒకసారి బిగింపు అలవాటైన చేతికి దాన్ని మాన్పించడం మొదటినుంచి నేర్పడం కంటే కష్టం. నెలల తరబడి ఓపికగా సాధించిన పట్టును మీ నాణేలు పాడుచేస్తున్నాయి, నా కోపమంతా దాని గురించే.

గోపాల్‌పూర్ సముద్రం మాకు దగ్గర కనుక ఇక్కడ అరచేతులు చెమ్మగానే ఉంటాయి. ఆ చెమ్మకు మీ పూత నాలుగు రోజులు కూడా ఆగలేదు. పొరలుగా లేచి, పిల్లల చేతులు నల్లబడి తుప్పు వాసన వేశాయి. ఒక పాపకు బొటనవేలి కింద చర్మం తెగింది. ఆ చేయి చూసి ఎవరైనా "సర్దుకోండి" అనగలరా?

మీ ప్రకటనలో "నాణేల రాజు"గా పేరుపొందిన అమెరికా ఇంద్రజాలికుడు టి. నెల్సన్ డౌన్స్ (1867–1938) పేరు కూడా వాడుకున్నారు. గాలిలోంచి ఒక్కొక్క నాణేన్నీ పట్టి పాత్రలో వేస్తున్నట్టు చూపే అంశానికి ఆయన ప్రసిద్ధుడు. దానికి ప్రాణం శబ్దమే. కుడిచేతి నాణెం పడినట్టు చూపిస్తూ, నిజానికి పాత్ర పట్టుకున్న చేతిలో దాచిన మరో నాణేన్ని జారవిడుస్తారు. గణగణమని మోగితేనే ప్రేక్షకుడు నమ్ముతాడు. మీ నాణేలు రేకు ముక్కల్లా చప్పుడు చేస్తున్నాయి. వాటితో ఆ అంశం ఎవరికీ నేర్పలేము.

వీడియోల సంగతి. "తెలుగులో పాఠాలు" అని రాశారు. వచ్చినవాటిలో మాటలన్నీ ఇంగ్లీషులోనే, కింద తెలుగు అక్షరాలు. మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది ఒడియా. తెలుగు విని అర్థం చేసుకుంటారు కానీ చాలామందికి చదవడం రాదు. అందుకే తెలుగు వ్యాఖ్యానం ఉందా అని ముందుగా ఫోనులో అడిగి, ఉందని చెప్పించుకుని మరీ కొన్నాను.

ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి విక్రేత నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. సరుకులోని లోపం ప్యాకెట్ విప్పకుండా ఎలా తెలుస్తుంది? అవే నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి.

నేను కోరేవి ఇవి. నాణేలకు, వీడియోలకు కట్టిన సొమ్ము పూర్తిగా వాపసు ఇవ్వండి, వెనక్కి పంపే ఖర్చు మీరే భరించండి. పదును అంచులున్న ఈ సరుకును పిల్లలకు అమ్మడం వెంటనే ఆపండి. ప్రకటనలో అసలు బరువు, అసలు లోహం, పాఠాల అసలు భాష రాయండి. బదులుగా మరో సెట్టు పంపుతామంటే, అది అర డాలరు కొలతల్లో, గాట్లతో ఉంటేనే తీసుకుంటాను.

గడువులోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు కనుక మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళతాను. బిల్లు, ప్రకటన నకలు, త్రాసు మీద నాణేల ఫోటోలు, పాప చేతి ఫోటో జతపరిచాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా