భుజం నొప్పి, ముప్పై ఎమ్మెల్ నీళ్లు

కూకట్‌పల్లి
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ రాంబాబూ,

దసరాకే రాస్తానన్నాను, ఇప్పటికి కుదిరింది. కోప్పడకురా, నిజంగా తప్పు నాదే. బరువు తగ్గే ఆపరేషనై ఇవాళ్టికి ఆరు వారాలు. ఇంట్లో అంతా బాగున్నాం, చిన్నదానికి పరీక్షలు, పై వాటా అద్దెకిచ్చేశాం. సరే, అసలు సంగతి. అక్కకీ అదే ఆపరేషన్‌కి వచ్చే నెల్లో డేట్ ఇచ్చారని నువ్వు చెప్పినప్పటి నుంచీ, ఆ మొదటి రాత్రి గురించి నీకు చెప్పాలని మనసు కొట్టుకుంటోంది. నాకూ డాక్టరు ముందే చెప్పే ఉంటారు. ఆ టెన్షన్‌లో చెవికెక్కలేదు.

నాకు చేసింది స్లీవ్. పొట్ట మీద ఐదు చిన్న గాట్లు పెట్టి, కెమెరాలో చూస్తూ జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా తీసేశారు. మిగిలింది అరటికాయలాంటి సన్నటి గొట్టం. సాయంత్రం దాకా మత్తులో బాగానే ఉన్నాను. రాత్రి రెండింటికి మెలకువొచ్చింది. ఎడమ భుజంలో పోటు! కోసింది పొట్టలో కదా, భుజం ఎందుకు నొప్పెట్టాలి? మా నాన్నకి ఎలా మొదలైందో ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావు, నీకు నేను చెప్పక్కర్లేదు. ఒళ్లంతా చెమట. సోఫాలో సుజాత ముడుచుకుని పడుకుంది. లేపడానికి చెయ్యి రాలేదు. బెల్ నొక్కాను.

ఒక మలయాళీ సిస్టర్ పరుగున వచ్చింది. బీపీ, పల్స్ చూసి, డ్యూటీ డాక్టర్ని పిలిచి ఈసీజీ తీయించింది. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాక నా చెయ్యి పట్టుకుని, "గ్యాస్ సార్, భయం లేదు" అంది. లోపల కనపడటానికి పొట్టని కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారట. అయిపోయాక తీసేసినా కాస్త మిగిలిపోయి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్‌ని ఇబ్బంది పెడుతుంది. దానికీ భుజానికీ నరాల సంబంధం ఉంది కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుందట. "మరి మందో?" అన్నాను. "లేవండి, నడుద్దాం" అంది.

కాళ్లకి బిగుతు మేజోళ్లు, ఒక చేత్తో సెలైన్ స్టాండు, ఇంకో చెయ్యి సుజాత భుజం మీద. స్టాండు చక్రం ఒకటి కీచుమంటూ ఉంటే వరండా చివరి కిటికీ దాకా వెళ్లాం. అర్ధరాత్రి రోడ్డంతా ఖాళీ. మూడో చుట్టులో ఒక పెద్ద తేన్పు వచ్చింది, భుజం మీద బరువెవరో దించినట్టయింది. సుజాత ఏడుస్తూనే నవ్వింది. ఆ క్షణం నేను... సరే, అది నీకు ఎదురుగా చెప్తాను.

అక్కకి మాత్రం గట్టిగా చెప్పు. భుజం నొప్పొస్తే గ్యాసేలే అని తనే తేల్చుకోకూడదు, వెంటనే సిస్టర్‌కి చెప్పాలి. నడక మానకూడదు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికీ అదే ముఖ్యం. మూడు బంతుల డబ్బా ఇస్తారు, గాలి లోపలికి పీలుస్తూ బంతుల్ని లేపాలి. అది ఊపిరితిత్తుల కోసం.

మర్నాడు పొద్దున నీళ్లిచ్చారు. దగ్గుమందు మూతలాంటి ప్లాస్టిక్ కప్పు, అంచున 30 ఎమ్మెల్ గీత. దాన్ని చూడగానే కుంచం మాస్టారు గుర్తొచ్చారు, ఎందుకో నీకొక్కడికే తెలుసు! గుక్క తాగకూడదు, పెదాలు తడిపినట్టు చప్పరించాలి. ఆ చిన్న కప్పుకి పావుగంట పట్టింది. నీళ్లకి ఇంత రుచి ఉంటుందని నలభై నాలుగేళ్లలో నాకెప్పుడూ తెలీదురా.

మూడో రోజు ఇంటికి పంపారు. మొదటి వారం పలచటి ద్రవాలే, పప్పు తేట, కొబ్బరినీళ్లు. తర్వాత ప్రొటీన్ పొడి కలిపిన పాలు, మజ్జిగ. మూడో వారం నుంచి మెత్తగా మిక్సీ పట్టినవి. ఇప్పుడు ఒక ఇడ్లీకి అరగంట. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ తగ్గకూడదన్నారు. విటమిన్ మాత్రలు జీవితాంతం. షుగర్ మాత్రలు డాక్టరే చూసి తగ్గించారు.

మూడో వారంలో మాత్రం బాగా దిగులేసింది. పిల్లలు గుత్తివంకాయ తింటుంటే బెడ్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాను. ఆకలి కాదు, అదేదో... చెప్పలేను. అక్కకి అలా అనిపిస్తే ఒంటరిగా వదలొద్దు, నువ్వు పక్కన కూర్చో. మూడు నాలుగు నెలలకి జుట్టు కూడా రాలుతుందట, చాలామందికి మళ్లీ వస్తుందని ముందే చెప్పి ఉంచు.

ఇంకొకటి, ఇది మర్చిపోకు. ఇంటికొచ్చాక జ్వరం, పడుకున్నా గుండె దడ, పెరిగే కడుపునొప్పి, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. కుట్ల దగ్గర లీకు ఉండొచ్చు. ఆ రాత్రే హాస్పిటల్‌కి...

బావగారు చెప్పులేసుకుంటున్నారు, తణుకు బస్సుకి టైమైంది. దీన్ని ఆయన చేతికే ఇస్తున్నా. ఆ కప్పు నా దగ్గరే దాచాను, అక్కకని కవర్లో పెట్టా

నీ
శ్రీను